మంచుకోటలో మాంత్రికుడు

తొలిమంచు కురిసి వెలిసింది. తెల్లవారేసరికి తుహినపురి పట్టణమంతా వెండిపళ్ళెంలో వడ్డించిన పెరుగన్నంలా తళతళలాడుతోంది. దేవదారు చెట్లు తెల్లని వింజామరలు పట్టుకున్న చెలికత్తెల్లా వరసగా నిలబడ్డాయి. రత్నశృంగం మీద లేయెండ పడి, కొండ పగడాల కిరీటం పెట్టుకున్నట్టు మెరుస్తోంది. చూరుల నుంచి వేలాడే మంచుకడ్డీలు ముత్యాల తోరణాలను మరిపిస్తున్నాయి. ఊళ్ళోని పిల్లాజెల్లా వీధుల్లోకి ఉరికి కేరింతలు కొడుతున్నారు.

గొర్రెలవాడ చివరి ఇంటి గుమ్మంలో నిలబడ్డ తరళకు మాత్రం ఆ అందమేదీ కంటికి ఆనలేదు. 'ఈ మంచులో బిడ్డ జారిపడితే? పడితే కాలు విరగదూ? విరిగితే వైద్యుడి కోసం కొండ దిగాలి. దిగినవాళ్ళు ఈ దారిలో మళ్ళీ ఎక్కి రావొద్దూ?' అని గుండె పట్టుకుంది. ఆ బిడ్డ అప్పటికింకా పక్క మీంచి లేవనైనా లేవలేదు.

తరళ భయాలు ఊరికే పుట్టినవి కావు. ఆమె పెంచుతున్నది మామూలు బిడ్డ కాదు. దక్షిణాన ఎడారి సీమ నుంచి వచ్చిన, ప్రాణాన్ని ఒంట్లో కాక వేరెక్కడో దాచుకునే వక్రనాసుడనే మాంత్రికుడు నిండు కొలువులో చిత్రభాను మహారాజును రాతిబొమ్మను చేసిన రోజున, అంతఃపుర దాదిగా ఉన్న తరళ, తల్లిలేని యువరాజు విజయాంకుణ్ణి గడ్డిమోపులో దాచి రాజధాని దాటించింది. రాజవంశపు బిడ్డ తన చేతికి చిక్కితే తప్ప సింహాసనం ఆ మాంత్రికుడికి లొంగదు. వాడు ఊరూరా వెతుకుతున్నాడు. బిడ్డ కుడి అరచేతిలో ఉన్న శంఖం లాంటి పుట్టుమచ్చ ఒక్కటే గుర్తు. అందుకని తరళ యువరాజుకు రెండు జడలు వేసి, పరికిణీ కట్టి, చేతులకు ఎప్పుడూ ఉన్ని తొడుగులు వేసి, గువ్వ అని పేరు పెట్టి, తన కూతురని చెప్పుకుంటోంది. ఆమె మొగుడు భైరవుడు, రాతిని తిరిగి మనిషిని చేసే నీలకుండపు నీళ్ళ కోసం మంచుకొండల అవతలికి వెళ్ళాడు. ఇంతవరకూ కబురు లేదు. ఇక ఆ తల్లికి కంటిమీద కునుకెలా పడుతుంది?

"అమ్మా! మంచు! కోట కడదాం రా!" గువ్వ దుప్పటి విసిరేసి ఒక్క గెంతులో వాకిట్లోకి వచ్చి పడ్డాడు.

"చెవులు! చెవులు మూసుకో ముందు!" అంటూ తరళ తలగుడ్డ పట్టుకుని వెంటపడింది. బిడ్డ నోటి ముందు చెయ్యి పెట్టి చూసింది. వెచ్చటి ఆవిరి తగిలింది. అప్పటికి ఆమె ఊపిరి తీసుకుంది. చలి రోజుల్లో ఆమెకది అలవాటు. పనుల మధ్య ఏదో ఒక వంకన వచ్చి, బిడ్డ నోట ఆవిరి వస్తోందో లేదో చూసుకుని వెళ్తుంటుంది.

"ఏమే కోడలా, పిల్లను ఊపిరైనా పీల్చుకోనివ్వవా?" అరుగు మీద కూర్చున్న అత్త అక్కమాంబ నవ్వింది. "తొలిమంచు పడ్డ రోజున వాకిట్లో కోట లేని ఇల్లు ఈ ఊళ్ళో ఉందా? కట్టుకోనీ."

అది తుహినపురి ఆచారం. పూర్వం ఈ రాజ్యాన్ని స్థాపించిన హిమాంగద మహారాజు, శత్రువులు తరుముతుంటే పరుగెత్తి పరుగెత్తి ఒక గొర్రెలకాపరి వాకిట్లో పిల్లలు కట్టుకున్న మంచుకోట దగ్గర ఆగాడట. "కత్తి బయట పెట్టు, తల వంచు, అప్పుడు లోపలికి రా" అన్నారట పిల్లలు, ఆయనెవరో తెలియక. ఆయన అలాగే చేశాడు. శత్రువులు వచ్చి చూస్తే పిల్లల ఆట తప్ప ఏమీ కనిపించలేదు. అప్పటినుంచీ తొలిమంచు కోటలో అడుగు పెట్టాలంటే రాజైనా సరే, చేతిలోది బయట గుచ్చి, తల వంచి దూరాల్సిందే. దీన్నే కోటధర్మం అంటారు.

గువ్వ కుంచం తెచ్చాడు. దాన్లో మంచు కూరి బోర్లిస్తే చక్కటి బురుజులు లేచాయి. నాయనమ్మ మంచును ముద్దలు చేసి అందిస్తుంటే గోడలు పెరిగాయి. ముందువైపు వంగి దూరేంత వాకిలి, పైన గుమ్మటం, దాని మీద ఎర్రగుడ్డ జెండా. ముచ్చటైన చిన్న కోట. దాన్ని చూస్తే ముద్దు వస్తోంది.

తరళకు ముద్దు రాలేదు, చెమట పట్టింది. "గుమ్మటం కూలి మీద పడితే?" అంది. పొయ్యి దగ్గర నుంచి కడవ తెచ్చి గోడల మీద నీళ్ళు చల్లింది. ఆ చలికి నీళ్ళు పడ్డవి పడ్డట్టే గడ్డకట్టాయి. గోడను పిడికిలితో గుద్దింది. నమ్మకం చాలక మరో కడవ పోసింది. ఆపైన మరొకటి.

"చాలమ్మా! రాయి అయిపోయింది," అన్నాడు గువ్వ.

"వాకిలి మూసుకుపోతే ఎలా వస్తావు బయటికి?" అని వెనకవైపు కత్తిపీటతో ఒక కంత తవ్వింది. గువ్వ దూరి చూశాడు. భుజాలు ఒరుసుకుంటూ సరిగ్గా పట్టాడు.

అక్కమాంబ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. "కోటకు దొడ్డిదారి పెట్టినదాన్ని నిన్నే చూశానే! ఆ పొయ్యి పక్కన అన్ని నీళ్ళ కడవలు ఎందుకు?"

"నిప్పంటుకుంటే అత్తా?"

"మంచులోనా?"

తరళ బిడ్డను దగ్గరికి తీసుకుని చెవిలో, "నేను చెప్పింది గుర్తుందా? నిన్ను గువ్వా అని కాకుండా రాణీ అని పిలిచానంటే?" అంది.

"ఏమీ అడక్కుండా నీ దగ్గర్నుంచి పారిపోవాలి. ఎన్నిసార్లు చెప్పిస్తావే అమ్మా!" అని వాడు చెయ్యి విదిలించుకుని కోటలో దూరాడు. దూరుతూ దూరుతూ గట్టిగా రెండుసార్లు దగ్గాడు.

ఆ దగ్గు తరళ గుండెలో గునపమై దిగింది.

సరిగ్గా అప్పుడే వీధిలో సందడి వినిపించింది. తెల్లటి గడ్డం, నుదుట గంధం, భుజాన మూలికల సంచీ, చేతిలో వెండిపొన్ను వేసిన దండం. పండు ముసలి వైద్యుడొకడు చిరునవ్వులు చిందిస్తూ వస్తున్నాడు. వెనక ఆడామగా జనం.

"పుణ్యాత్ముడమ్మా తరళా! కాసు పుచ్చుకోకుండా వాడవాడలా పిల్లల నాడి చూస్తున్నాడు. నీ గువ్వను కూడా చూపించు," అంది పక్కింటి పార్వతక్క.

తరళకు దేవుడే దిగివచ్చినట్టయింది. "రండి బాబయ్యగారూ, రండి! ఇప్పుడే దగ్గిందండీ నా తల్లి. దగ్గు ముదిరి ఆయాసమైతే నేనేం కావాలి!" అంటూ ఎదురెళ్ళింది.

"భయమెందుకమ్మా? చెయ్యి చూస్తే చాలు, జబ్బేదో చెప్పేస్తాను. ఆ తొడుగులు తీసి కుడిచెయ్యి ఇలా ఇప్పించు," అన్నాడు వైద్యుడు తియ్యగా.

"గువ్వా" అని పిలవబోతూ తరళ ఆయన మొహంలోకి చూసింది. చలి రోజున ఎవరి మొహం చూసినా ఆమె కళ్ళు ముందు నోటి దగ్గరే ఆగుతాయి కదా! పార్వతక్క మాట్లాడుతుంటే నోట ఆవిరి. అత్త నవ్వుతుంటే ఆవిరి. గొర్రెలు కూడా ఆవిరి వదులుతున్నాయి. వైద్యుడు అంతసేపు మాట్లాడాడు. నోటి ముందు గాలి గాజుపలకలా నిర్మలంగా ఉంది.

ప్రాణం ఒంట్లో పెట్టుకోనివాడికి వెచ్చని ఊపిరి ఎక్కడిది?

తరళ జీవితమంతా ఏది జరుగుతుందేమోనని వణికిందో అది గడ్డం పెట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడింది. కేకపెడితే జనాన్నందరినీ బొమ్మలు చేస్తాడు. బిడ్డను ఎత్తుకుని పరుగెడితే దండం ఒక్కసారి ఊపితే సరి. చిత్రమేమిటంటే, ఆ క్షణాన ఆమె వణుకు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఇలా జరిగితే, అలా జరిగితే అని రాత్రింబవళ్ళు ఊహించుకున్న బుర్ర, ఇప్పుడు గబగబా పని మొదలుపెట్టింది.

"మా పిల్ల మహా మొండిదండీ," అంది తరళ నవ్వు తెచ్చుకుని. "కోటలో దూరిందంటే సాయంత్రం దాకా బయటికి రాదు. తమరే దయచేసి లోపలికి వెళ్ళి చూడాలి."

వైద్యుడు ఆ చిన్న వాకిలి చూసి మొహం చిట్లించాడు. "ఈ మంచుకుప్పలోకా?"

"కుప్పేమిటయ్యా, కోట!" అక్కమాంబ కస్సుమంది. "దండం బయట గుచ్చి తల వంచి వెళ్ళు. మా రాజులే అలా వెళ్తారు."

"అవునవును, కోటధర్మం తప్పకూడదు వైద్యులవారూ!" జనం నవ్వుతూ చప్పట్లు కొట్టారు.

వక్రనాసుడు ఎడారిలో పుట్టి ఎడారిలో పెరిగినవాడు. వాడికి మంచంటే చేత్తో పట్టుకుంటే రాలిపోయే పిండి అని మాత్రమే తెలుసు. తలచుకుంటే ఒక్క మోచేతి పోటుతో ఈ బొమ్మరిల్లు పొడిపొడి అయిపోతుంది, అనుకున్నాడు. జనానికి అనుమానం రానివ్వడం దేనికి? నవ్వుతూ దండాన్ని మంచులో గుచ్చాడు. సంచీ పక్కన పడేశాడు. తల వంచి, మోకాళ్ళ మీద కోటలోకి పాకాడు.

నడుము దాకా వెళ్ళాడు. కాళ్ళు కూడా లోపలికి లాక్కున్నాడు.

"రాణీ!" తరళ గొంతు మోగింది. "రాణీ, వైద్యులవారు వస్తున్నారమ్మా!"

లోపల మాంత్రికుడి చెయ్యి బిడ్డ తొడుగును పట్టుకుంది. తొడుగు ఊడి చేతికి వచ్చింది. ఆ సందు వెలుగులో అరచేతి మీద శంఖం వాడి కళ్ళకు మిలమిల మెరిసింది. "దొరికావురా!" అని గర్జించేంతలో గువ్వ కప్పపిల్లలా వెనక కంతలోంచి బయటికి దూకి మంచులో దొర్లాడు. మాంత్రికుడు అదే కంతలో తల పెట్టాడు. చెవుల దగ్గరే ఇరుక్కుపోయింది.

"అత్తా! కంత!"

ఎందుకని అక్కమాంబ అడగలేదు. అరుగు మీది పొత్రాన్ని రెండు చేతులా ఎత్తి తెచ్చి ఆ తల మీద ఒక్కటి మోదింది. తల లోపలికి పోయింది. పొత్రాన్ని అక్కడే అడ్డంగా దిగ్గొట్టి, దాని మీద తాను కూర్చుంది. ఈలోగా తరళ మంచును పెద్ద బంతిగా దొర్లించి వాకిలికి కొట్టి, పొయ్యి పక్క కడవలన్నీ ఒకదాని వెంట ఒకటి తెచ్చి దాని మీద కుమ్మరించింది. చూస్తుండగానే వాకిలి పలకలా బిగిసింది. గడ్డం వైద్యుడు పోయి, లోపల వంకరముక్కు మాంత్రికుడు ఎముకలు విరిగేలా గోడలు గుద్దుతున్నాడు. మంచు పిండిలా రాలలేదు. గోడకు చిన్న పగులైనా పడలేదు.

జనం కొయ్యబారిపోయారు. గడ్డకట్టిన వాకిలిలోంచి ఆ వంకరముక్కు కనబడగానే పార్వతక్క పెట్టిన కేక కొండల్లో మారుమోగింది. "ఓరి దేవుడో, వక్రనాసుడు!"

"నిలబడతారేం? నీళ్ళు తెండి!" అని అరిచింది అక్కమాంబ పొత్రం మీంచి లేవకుండానే. ఊరంతా కడవలు, చెంబులు, దాకలు పట్టుకుని పరుగెత్తింది.

తరళ దండాన్ని పెరికి తీసుకుంది. వెండిపొన్ను కింద చెక్కిన చిన్న పక్షిబొమ్మ ఉంది. దాని ముక్కు నుంచి సన్నగా, వెచ్చగా ఆవిరి వస్తోంది. వాడి ప్రాణం అక్కడుంది! విరిచెయ్యడానికి మోకాలికి ఆనించింది.

"విరువు, విరువు!" లోపలి నుంచి వికటంగా నవ్వు వినిపించింది. "అది విరిగిన మరుక్షణం మీ రాజు రాతిబొమ్మ కూడా నాలుగు చెక్కలవుతుంది. రాజును మనిషిని చేశాకే దాని జోలికి పోవాలి. ఎండ కాస్తోంది ఆడదానా! ఈ మంచు ఎన్నాళ్ళుంటుంది?"

తరళ మోకాలు దించింది. దండాన్ని కొంగులో చుట్టుకుంది. అప్పుడు కానీ ఆమెకు బిడ్డ గుర్తుకు రాలేదు అనుకునేరు! ఆమె కళ్ళు వాడి మీంచి కదిలితే కదా. మంచులో కూలబడి వాణ్ణి ఒడిలోకి లాక్కుంది. నోటి ముందు చెయ్యి పెట్టింది. వెచ్చటి ఆవిరి, బుసబుసమంటూ, ఆగకుండా. ఆమె నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"అమ్మా, ఊపిరాడట్లేదు, నలిపేస్తున్నావు," అన్నాడు యువరాజు. "కోట పిల్లలదిగా, వాణ్ణి ఎందుకు ఉంచావు అందులో? నేను సగం చీకిన బెల్లంముక్క కూడా అక్కడే ఉండిపోయింది."

అక్కమాంబ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "దొడ్డిదారి పెట్టినందుకు నవ్వానే కోడలా. ఇక నీ భయాలను నేనేమీ అననులే." కాస్త ఆగి, "ఇవాళ్టికి," అని చేర్చింది. "మీరిద్దరూ బయల్దేరండి. భైరవుడు ఆ నీళ్ళతో వచ్చేది మంచుకనుమ దారినేగా, త్వరగా ఎదురెళ్ళండి. నేను బతికుండగా ఈ కోట కరగదు."

తరళ వెళ్తూ వెళ్తూ వెనక్కి వచ్చి మరో కడవ పోసి మరీ వెళ్ళింది.

కనుమ దారి కత్తి అంచులా ఉంది. ఒకవైపు నింగినంటే నీలిమంచు గోడలు, మరోవైపు కళ్ళు తిరిగే లోయ. దారిని అడ్డగిస్తూ గడ్డకట్టిన శంఖినీనది. అవతలి గట్టు నాలుగడుగుల్లో ఉందనగా, కాళ్ళ కింద ఫెళఫెళమంటూ పగులు పరిగెత్తుకు వచ్చింది. తరళ బిడ్డను అవతలి గట్టుకు విసిరింది. తన కాళ్ళ కింద మంచు విచ్చుకుంది. దండాన్ని అడ్డంగా వేసి దాన్ని పట్టుకుని వేలాడింది. వక్రనాసుడి ప్రాణమే ఆమె ప్రాణానికి ఆధారమైంది! దండం మీది పక్షి భయంతో కిచకిచలాడింది. గువ్వ గట్టు మీద బోర్లా పడుకుని తన పొడవాటి జడ కుచ్చులు విప్పి విసిరాడు. వాటిని పట్టుకుని ఆమె పైకి పాకింది.

"చూశావా, జడలు వద్దన్నావు," అంది రొప్పుతూ.

తడిసిన చీర గడ్డకట్టకముందే నడవాలి. ఇద్దరూ కనుమ మలుపు తిరిగారు. ఎదురుగా, మంచుపొగలో, ఒక మనిషి పరుగెత్తుకు వస్తున్నాడు. విశాలమైన భుజాలు. ఎడంకాలు కాస్త ఈడ్చే నడక. మెడలో వేలాడే నీలం కూజా.

"నాన్న!" గువ్వ ముందుకు ఉరికాడు.

తరళ వాడి పరికిణీ అంచు పట్టుకుని ఆపింది. ఆమె మనసంతా అటే పరుగెత్తుతోంది, కాళ్ళు మాత్రం కదల్లేదు. బిడ్డను వెనక్కి నెట్టుకుని, దండం రెండు చేతులా ఎత్తి, ఆ మనిషి నోటి వైపు కళ్ళార్పకుండా చూసింది. మనిషి దగ్గరికొచ్చాడు. ఇంకా దగ్గరికొచ్చాడు.

నోటి నుంచీ ముక్కు నుంచీ ఆవిరి, పెళ్ళివారి వంటపొయ్యి మీది పొగలా, దట్టంగా, తెరలు తెరలుగా.

"భైరవా!" దండం చేతిలోంచి జారిపోయింది. ఎన్ని నెలల బరువో ఒక్కసారిగా ఆమె గుండె మీంచి దిగిపోయింది. ఆయన ఇద్దరినీ ఒక్క కౌగిట్లో బిగించాడు. గడ్డం నిండా మంచు, కళ్ళ నిండా నీళ్ళు.

"నీళ్ళు తెచ్చానే తరళా. కానీ నాతోపాటు వాటిని కాపలా కాసేది కూడా వచ్చింది," అన్నాడు భైరవుడు రొప్పుతూ. "గండభేరుండం! పైనుంచి కదిలేదేదైనా దాని కంటబడుతుంది. దాక్కోవడానికి ఈ కనుమలో ఒక్క గుహ కూడా లేదు."

మాట పూర్తికాలేదు. తెల్లటి మంచు మీద రెండు తలల నల్లటి నీడ, కొండంత నీడ, రెక్కలు చాచుకుని లోయ అవతలి నుంచి ఇటే పాకుతోంది.

తరళ ఆ నీడను చూసింది. వంగి దండం అందుకుంది. తన తలగుడ్డ విప్పి బిడ్డ చెవులకు గట్టిగా కట్టింది.

"గువ్వా," అంది, "కోట ఎంత తొందరగా కట్టగలవు?"

"దొడ్డిదారితోనా?" అడిగాడు యువరాజు, అప్పటికే మంచు చేతుల్లోకి తీసుకుంటూ.